తెర మీది పుట: తెలుగు మాధ్యమ దూరవిద్యలో పాఠ్యరూపకల్పన – చారిత్రక పరిశీలన

ప్రస్తావన

తెలుగులో ఏ గ్రంథాలను పాఠ్యాలుగా నిర్ణయించారు, వాటిని ఏ శైలిలో రాయించారు అనే ప్రశ్నలపై విస్తృతమైన చర్చ జరిగింది. గ్రాంథిక వ్యావహారిక వాదాలకు పాఠశాల వాచకమే ప్రధాన రంగస్థలం. అయితే ఆ పాఠం పుట మీద ఎలా అమరింది, అభ్యాసకుడు అందులో తన దారిని ఎలా కనుక్కున్నాడు అనే ప్రశ్నను అచ్చుకూటానికి సంబంధించినదిగా భావించి పరిశోధకులు పక్కన పెట్టారు. ఆన్‌లైన్ కోర్సులు విస్తరించిన ఈ కాలంలో ఆ ప్రశ్నను వాయిదా వేయడం సాధ్యం కాదు. గురువు ఎదురుగా లేని చోట, గురువు చేయవలసిన పనిలో సగం పాఠం రూపమే చేయాలి. తెలుగు బోధనలో ఈ రూపం ఏ దశలు దాటి తెర మీదికి చేరిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ పరిశీలనకు గోపాల్‌పేట ప్రాంతం తగిన నేపథ్యం. నిజాం రాజ్యంలోని సంస్థానాలలో గోపాల్‌పేట ఒకటి. పొరుగున ఉన్న గద్వాల, వనపర్తి సంస్థానాలు పండితపోషణకు ప్రసిద్ధికెక్కాయి. పండితసభలు వర్ధిల్లిన ఈ సీమలోనే సామాన్యునికి మాతృభాషలో చదువు అందలేదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి సైతం ఉర్దూయే బోధనభాష. తరువాతి కాలంలో మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమైన గోపాల్‌పేట, 2016 అక్టోబరు 11న ఏర్పడిన వనపర్తి జిల్లాలో చేరింది. విద్యాకేంద్రాలకు దూరంగా ఉన్న ఇటువంటి మండలాల విద్యార్థుల కోసమే దూరవిద్య పుట్టింది.

ఇసుక నుండి అచ్చుపుటకు

తెలుగు వ్యాకరణాన్ని ఆంగ్లంలో రచించిన ఎ.డి. కాంప్‌బెల్, బళ్ళారి కలెక్టరుగా 1823లో ఆ జిల్లా వీధిబడుల గురించి నివేదిక సమర్పించాడు. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడాన్ని, పెద్ద విద్యార్థులు చిన్నవారికి నేర్పడాన్ని అతడు మెచ్చుకున్నాడు. కానీ వాడుకభాషకు దూరమైన కావ్యభాషలోని పద్యాలను అర్థం తెలియకుండా వల్లె వేయించడాన్ని లోపంగా ఎత్తిచూపాడు. ఈ నివేదికను పాఠ్యరూప దృష్టితో చదివితే మరొక విషయం స్పష్టమవుతుంది. అక్షరాభ్యాసంలో క్రమం ఉన్నది, చేయి చేసే సాధన ఉన్నది, తప్పు దిద్దే తోడు ఉన్నది. అక్షరం దాటి గ్రంథంలోకి అడుగుపెట్టగానే ఆ మెట్లు మాయమయ్యాయి.

ఆ మెట్లను అచ్చులో నిర్మించిన ప్రయత్నంగా 1832 నాటి పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్షను గుర్తించవచ్చు. పెద్దబాలశిక్షగా స్థిరపడిన సంప్రదాయంలో అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, రెండక్షరాల మాటలు, మూడక్షరాల మాటలు, చిన్న వాక్యాలు వరుసగా వస్తాయి. ఒక్కో పుట ముందరి పుట మీద ఆధారపడుతుంది. తాను ఎంత దూరం వచ్చాడో పిల్లవాడికి పుస్తకమే చెబుతుంది. వారాలు, తిథులు, నక్షత్రాలు, నీతివాక్యాలు చేరి పుస్తకం విజ్ఞానసర్వస్వంగా పెరిగినప్పటికీ తొలిభాగంలోని సోపానక్రమం చెదరలేదు. ఆ గ్రంథం తరతరాలు నిలవడానికి విషయసంపదతో పాటు ఈ అమరిక కూడా కారణం.

ఆకాశం నుండి పాఠం

తెర మీద తెలుగు పాఠానికి తొలి పెద్ద ప్రయోగం సైట్. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సహాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎంపికైన జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదు కేంద్రంలో తయారయ్యాయి. ఉదయంవేళ బడిపిల్లలకు ఒక్కొక్క భాషలో ఇరవై రెండున్నర నిమిషాల కార్యక్రమం ఉండేది.

సైట్ దృశ్యానికి ఉన్న ఆకర్షణను నిరూపించింది. అదే సమయంలో ప్రసారానికి ఉన్న పరిమితినీ బయటపెట్టింది. పుస్తకంలో అర్థం కాని పుటను మళ్ళీ తిప్పవచ్చు. ప్రసారంలో జారిపోయిన మాట జారిపోయినట్టే. నాలుగు భాషల వారికి వంతులవారీగా సమయం పంచిన ఏర్పాటులో అభ్యాసకుని వేగానికి చోటు లేదు. కంటికి ఇంపుగా ఉండటం, దారి సులభంగా దొరకడం రెండు వేర్వేరు గుణాలని తెలుగు దూరవిద్య ఇక్కడ తొలిసారి ఎదుర్కొన్నది.

సార్వత్రిక విశ్వవిద్యాలయం: గురువు పాత్రలో పుట

1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇదే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం. తొలి ఉపాధ్యక్షుడు జి. రాంరెడ్డి. 1991లో దీనికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. చదువు మధ్యలో ఆగిపోయినవారు కూడా అర్హత పరీక్ష ద్వారా డిగ్రీలో చేరే అవకాశాన్ని ఈ సంస్థ కల్పించింది.

దూరవిద్య పాఠ్యగ్రంథం సాధారణ పాఠ్యపుస్తకానికి భిన్నమైన నిర్మాణాన్ని స్వీకరించింది. విషయం యూనిట్లుగా విడిపోతుంది. యూనిట్ మొదట లక్ష్యాలు, విషయక్రమం ఉంటాయి. విభాగాలకు సంఖ్యలు ఉంటాయి. పాఠం మధ్యలో స్వయంపరీక్ష ప్రశ్నలు, చివర సారాంశం, నమూనా సమాధానాలు వస్తాయి. పగలు కూలికో కొలువుకో వెళ్ళి రాత్రి పుస్తకం తెరిచే చదువరి నిన్న ఎక్కడ ఆపాడో విభాగసంఖ్య చూసి పోల్చుకోగలడు. వీధిబడిలో పెద్ద విద్యార్థి చేసిన దిద్దుబాటు పని ఇక్కడ నమూనా సమాధానానికి సంక్రమించింది.

ఆన్‌లైన్ దశ

2017 ఈ చరిత్రలో ముఖ్యమైన సంవత్సరం. ఉన్నతవిద్యకు స్వయం, పాఠశాల విద్యకు దీక్ష వేదికలు ఆ ఏడాదే ఆరంభమయ్యాయి. తెలంగాణలో విద్య, నిపుణ ఛానళ్ళతో టీశాట్ రూపుదిద్దుకున్నదీ అప్పుడే. స్వయం కోర్సుకు వీడియో ప్రసంగం, చదువుకునే పాఠం, స్వీయ మూల్యాంకనం, చర్చావేదిక అనే నాలుగు అంగాలు నిర్దేశించారు. సార్వత్రిక విద్య యూనిట్ నిర్మాణమే ఇక్కడ కొత్త వేషంలో కనిపిస్తుంది. దీక్ష పద్ధతిలో పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ అచ్చుపుటను తెర మీది పాఠంతో కలిపింది. వెతుకులాట లేకుండా పుటే ద్వారమైంది.

2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు సైట్ నాటి సమస్య తిరిగి ఎదురైంది. నిర్ణీత వేళకు సాగిపోయే ప్రసారం పిల్లవాడి సందేహం కోసం ఆగదు. భద్రపరచిన వీడియోను వెనక్కి తిప్పవచ్చు గాని, ఏ వీడియోలో ఏ అంశం ఉన్నదో చెప్పే విషయక్రమం లేకపోతే ఆ సౌకర్యం నిరర్థకం.

లిపికి సంబంధించిన ప్రశ్న

తెలుగు పాఠానికి మరొక ప్రత్యేక అవసరం ఉన్నది. తెలుగు అక్షరం పైకి గుడి వంటి గుర్తులతోను కిందికి ఒత్తులతోను విస్తరిస్తుంది. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు ఉన్నాయి. రోమన్ లిపికి సరిపడే వరుసల ఎడం తెలుగుకు చాలదు. చిన్న ఫోన్ తెర మీద ఒత్తులు కింది వరుసను తాకితే చదువరి శ్రమ అర్థం మీదికి పోక అక్షరం మీదే ఖర్చవుతుంది.

1991 నాటి యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు చోటు లభించింది. అయినా పాత ఫాంట్లలో కూర్చిన పాఠాలను బొమ్మలుగా మార్చి అందించే అలవాటు కొనసాగింది. బొమ్మగా మారిన పుటలో మాటను వెతకలేము, అక్షరాన్ని తెరకు తగినట్టు అమర్చలేము. చూపులేని విద్యార్థికి దానిని యంత్రం నేరుగా చదివి వినిపించలేదు.

ఉపసంహారం

రెండు శతాబ్దాల ఈ చరిత్రలో మాధ్యమం ఇసుక, కాగితం, ఉపగ్రహం, ఫోన్ తెరగా మారింది. అభ్యాసకుని అవసరాలు మాత్రం మూడే: తాను ఎక్కడ ఉన్నాడో తెలియాలి, తరువాతి మెట్టు కనబడాలి, నేర్చినది సరిచూసుకునే వీలుండాలి. ఈ మూడింటిని తీర్చిన రూపాలే నిలిచాయి. రంగులు, కదిలే బొమ్మలు ఈ పనికి తోడ్పడినంతవరకే పాఠానికి అందం.

కోర్సు రూపకల్పనను సాంకేతిక నిపుణులకు వదిలి విషయరచనకే పరిమితం కావడం తెలుగు శాఖలకు తగదు. ప్రతిపదార్థం, తాత్పర్యం, వ్యాకరణాంశం అనే క్రమంలో పద్యాన్ని విప్పి చెప్పే సంప్రదాయం తెలుగు అధ్యాపకునిదే. ఆ క్రమం తెర మీద ఎలా పరుచుకోవాలో నిర్ణయించవలసింది కూడా అతడే. గోపాల్‌పేటలో ఇంటిల్లిపాదికీ ఉన్న ఒకే ఫోన్ కాసేపు చేతికి దొరికిన విద్యార్థిని, ఆ కాసేపట్లో పాఠాన్ని చేరుకోగలగాలి. ఆ సమయం మెనూలు వెతకడానికే సరిపోతే, ఎంత గొప్ప పాఠం రాసినా ఆమెకు అందనట్టే.