ఆయిల్ కారడం ఎప్పటి నుంచి తప్పయింది?

మొదటి తరం మోటార్‌సైకిళ్లకు ఆయిల్ కారడం జబ్బు కాదు. వాటిని తయారు చేసిందే అలా. నడిపేవాడు చేత్తో పంపు నొక్కి ఇంజిన్‌లోకి కొంచెం కొంచెంగా ఆయిల్ పంపేవాడు. అది బేరింగులను తడిపేది, కొంత పొగై పోయేది, మిగిలింది రోడ్డు మీద పడేది. తిరిగి వచ్చే దారి లేదు. అఖండ దీపానికి నూనె పోస్తూ ఉన్నట్టే.

1923లో బెర్లిన్ ప్రదర్శనలో బీఎండబ్ల్యూ తన ఆర్32 బండిని చూపించింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెర్సాయ్ ఒప్పందం జర్మనీలో విమానాల ఇంజిన్లకు అడ్డం పడింది. అందుకే విమానాల ఇంజిన్లు గీసిన మాక్స్ ఫ్రిట్స్ మోటార్‌సైకిల్ గీశాడు. 494 సీసీ, 8.5 గుర్రపు శక్తి. రెండు సిలిండర్లు చెరో పక్కకు, చేతులు చాచినట్టు. అందరూ ఆ సిలిండర్ల గురించే రాస్తారు. నాకు ముఖ్యం వాటి కింద ఉన్న ఆయిల్ తొట్టి. ఆయిల్ అందులోకి దిగుతుంది, పంపు దాన్ని మళ్లీ పైకి పంపుతుంది. ఇలాంటి ఇంజిన్‌లో బయట చుక్క కనిపిస్తే లోపల చుక్క తగ్గినట్టే. కారడం తప్పయింది ఇక్కడే.

తర్వాత ప్రభుత్వం కూడా ఆ మాటే అంది. జర్మనీలో 1951 నుంచి వాహనాలకు తనిఖీ తప్పనిసరి. అందరూ ‘ట్యూఫ్’ అనే ఆ తనిఖీ సంస్థల మూలం ఇంకా పాతది. ఆవిరి బాయిలర్లు పేలకుండా చూడటానికి 1866లో మాన్‌హైమ్‌లో పెట్టుకున్న సంఘంతో అది మొదలైంది. తనిఖీ చేసేవారు చెమ్మను ఒకలా, చుక్కను ఇంకోలా చూస్తారు. ఇక్కడి మెకానిక్‌లు ఇంజిన్‌కు చెమట పట్టిందంటారు. మనకు చెమ్మ, ఊట, కారడం అని మూడు మెట్లున్నాయి. మన భాషే మేలు!

నా బండి 1972 నాటి ఆర్75/5. దానిది ఊట దాటి కారడం దాకా వచ్చింది. తనిఖీ దగ్గర పడింది.

ముందు ఇంజిన్‌ను బాగా కడిగి ఆరబెట్టాను. అనుమానం ఉన్న చోటల్లా టాల్కం పౌడర్ చల్లి పది కిలోమీటర్లు నడిపాను. గాలికి ఆయిల్ వెనక్కి పాకుతుంది, బరువుకి కిందికి దిగుతుంది. కాబట్టి చుక్క పడే చోటును నమ్మకూడదు. అన్నిటికంటే పైన, ముందు తడిసిన చోటు వెతకాలి. వాసన కూడా చూడండి. గేర్ ఆయిల్ అయితే ముక్కు పట్టే గంధకం వాసన వస్తుంది. అప్పుడు తప్పు గేర్‌బాక్స్‌ది. నాకు ఆ వాసన రాలేదు. సిలిండర్ కింద, పుష్‌రాడ్ గొట్టాలు ఇంజిన్‌ను తాకే చోట పౌడర్ ముద్దయింది.

దీనికి కారణం 1969లో ఉంది. అంతకు ముందు ఈ గొట్టాలు సిలిండర్ పైన ఉండేవి. ఆ ఏడు వచ్చిన కొత్త ఇంజిన్‌లో క్యామ్‌షాఫ్ట్‌ను క్రాంక్‌షాఫ్ట్ కిందికి మార్చారు, దానితో గొట్టాలూ కిందికి వచ్చాయి. హెడ్ నుంచి తిరిగి వచ్చే ఆయిల్ వాటిలోంచే దిగుతుంది. గొట్టం చివర రబ్బరు సీల్ ఎప్పుడూ ఆయిల్‌లో నానుతూ, వేడికి ఎండుతూ ఉంటుంది. మంచి డిజైనే, కానీ రబ్బరుకు యాభై ఏళ్ల ఆయుష్షు ఎక్కడిది?

రబ్బరు మెత్తగా ఉంటే గొట్టం మీది కాలర్‌ను మెల్లగా లోపలికి తడితే చాలు, సీల్ బిగుస్తుంది. నాది రాయిలా ఉంది. హెడ్, సిలిండర్ విప్పి నాలుగు సీళ్లూ మార్చాను. సిలికాన్ పేస్ట్ పూసి కప్పెయ్యమని కొందరంటారు. వద్దు. ఎక్కువైన పేస్ట్ ముక్కలై ఆయిల్ దారులను మూసేస్తుంది. గాలి గొట్టం కూడా శుభ్రం చేయాలి. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడి కొత్త సీల్‌నైనా తోస్తుంది. చివరికి హెడ్ నట్లను కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించి, వాల్వుల సందు సరిచేశాను.

రాత్రి బండి కింద అట్ట పరిచాను. పొద్దున అట్ట పొడిగా ఉంది. తనిఖీ మంగళవారం.