పాత కారుకు ఉప్పు గండం.. యంత్రానికి కనిపించేదెంత?

సూళ్లూరుపేట: పులికాట్ తీర మండలాల్లో సెకండ్ హ్యాండ్ కారు కొనదలచిన వారికి అందుబాటులో ఉన్న పెద్ద బజారు చెన్నై. సూళ్లూరుపేట నుంచి జాతీయ రహదారిపై దాదాపు 80 కిలోమీటర్లు. 2015 డిసెంబరు వరదల్లోను, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వేళలోను ఆ నగరంలో కార్లు నీట మునిగాయి. మునిగిన కారును కడిగి, సీట్లు ఆరబెట్టి, రంగు వేయించి అమ్మకానికి పెడితే పైచూపుకు తేడా తెలియదు.

స్థానికంగా మరో చిక్కు ఉంది. దేశంలో చిలికా తరువాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. సరస్సు మీదుగా శ్రీహరికోటకు నిత్యం తిరిగే వాహనాలకు ఉప్పుగాలి తప్పదు. ఆ తేమ ముందుగా కారు అడుగున, వెల్డింగ్ అతుకుల వద్ద, బ్రేకు గొట్టాలపై తుప్పు పట్టిస్తుంది. కొనేవారు వంగి చూడని చోట్లు అవే.

ఈ అడుగుభాగాన్ని సైతం పరిశీలించే స్వయంచాలిత స్కానర్లు విదేశాల్లో వాడుకలోకి వచ్చాయి. వీటిలో పేరొందినది 2016లో ఇజ్రాయెల్‌లో ఆరంభమైన యూవీఐ సంస్థ యంత్రం. వాహనాల కింద పేలుడు పదార్థాలు దాచారేమో కనిపెట్టేందుకు తొలుత ఉద్దేశించిన పరిజ్ఞానమిది. తరువాత సొట్టలు, గీతలు, ఆయిల్ కారడం, తుప్పు వంటి వాటిని పసిగట్టే పనికి మళ్లింది. కారు తోరణం వంటి చట్రంలోంచి నెమ్మదిగా సాగుతుండగా చుట్టూ, నేలలో అమర్చిన కెమెరాలు చిత్రాలు తీస్తాయి. కంప్యూటర్ వాటిని పరిశీలించి లోపాలను కొద్ది క్షణాల్లోనే గుర్తిస్తుంది.

అయితే చిక్కులూ లేకపోలేదు. అమెరికాలో అద్దె కార్ల సంస్థ హెర్ట్జ్ 2025లో ఈ స్కానర్లను ప్రవేశపెట్టింది. చక్రం అంచున అంగుళం గీతకు 440 డాలర్లు వడ్డించారన్న ఒక వినియోగదారుని ఫిర్యాదు అక్కడి పత్రికలకెక్కింది. గీతను చూడడం వేరు, దాని విలువ కట్టడం వేరు. పైగా కెమెరా పైపొరనే చూడగలదు. పుట్టీ పెట్టి నున్నగా చేసిన డోరు, లోపల నీరు చేరిన వైరింగ్ దానికి అంతుపట్టవు.

అందుకు చేతిలో ఇమిడే రెండు పరికరాలు మేలు. రంగు మందాన్ని కొలిచే మీటరు మొదటిది. కంపెనీ రంగు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. 300 దాటితే మళ్లీ రంగు వేసినట్టు, వెయ్యికి చేరితే కింద పుట్టీ ఉన్నట్టు అనుమానించాలి. ప్లాస్టిక్ బంపర్లపై ఈ మీటరు పనిచేయదు. రెండోది స్టీరింగు కింది సాకెట్‌కు తగిలించే ఓబీడీ స్కానర్. ఇంజిన్ కంప్యూటర్‌లో నమోదైన లోపాల కోడ్‌లను ఇది చదువుతుంది. అమ్మేముందు కోడ్‌లను చెరిపేసే వారూ ఉన్నారు. అలా చెరిపితే స్వీయ పరీక్షలు కొన్ని ‘పూర్తి కాలేదు’ అని చూపుతాయి. కొంతదూరం నడిపితేగాని అవి పూర్తి కావు.

నీట మునిగిన బండిని పట్టేందుకు మాత్రం ఏ పరికరమూ అక్కరలేదు. సీటు బెల్టును చివరి వరకు లాగితే బురద మరక బయటపడవచ్చు. సీటు బిగించిన బోల్టుల తుప్పు, స్టెప్నీ గుంతలో ఒండ్రు, హెడ్‌లైటులో ఆవిరి, కార్పెట్ కింద ముక్క వాసన చూడాలి. ఎయిర్‌బ్యాగ్ వైర్ల జాయింట్లు కొన్ని సీటు కిందే ఉంటాయి. అవి తుప్పు పడితే ప్రమాద సమయంలో బ్యాగు తెరుచుకోకపోవచ్చు. కనుక రంగు బాగుందని తొందరపడక, తెలిసిన మెకానిక్‌ చేత ర్యాంపుపైకి ఎక్కించి అడుగుభాగం చూపించుకోవడం అవసరం.

కాగితాల విషయానికొస్తే, పాత బీమా పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఎంతో చూడాలి. బోనస్ సున్నాకు పడిపోయి ఉంటే ఏ ప్రమాదానికి, ఏ వరదకు క్లెయిమ్ తీసుకున్నారో అడగాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలరు రవాణా శాఖ నుంచి అధికార పత్రం పొంది ఉండాలి. తమిళనాడు నంబరు బండి అయితే అక్కడి ఆర్టీవో కార్యాలయం నుంచి ఎన్‌వోసీ చేతికందాకే పూర్తి సొమ్ము చెల్లించడం మంచిది. ఇక్కడ 12 నెలలకు మించి ఉంచదలిస్తే కొత్త నంబరు తీసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్‌నూ బేరంలోనే లెక్కవేసుకోవాలి.