ఫలాల లాటిన్ పేర్లు: తరంగంబాడి నుండి బ్రాడీపేట వరకు

ఉపోద్ఘాతం

గుంటూరు బ్రాడీపేటలో లైన్లకూ అడ్డరోడ్లకూ సంఖ్యలే పేర్లు. ఆ వీధుల్లోని శిక్షణ కేంద్రాలకు వచ్చే జీవశాస్త్ర విద్యార్థులు మామిడిని ‘మాంజిఫెరా ఇండికా’ అనీ, మిరపను ‘క్యాప్సికం ఆన్యుమ్’ అనీ కంఠస్థం చేస్తారు. పరీక్షలో మార్కు తెచ్చిపెట్టే పదాలుగానే అవి వారికి పరిచయం. ఈ పేర్లు తెలుగు నేలకు ఎవరి ద్వారా వచ్చాయి? వాటి వెనుక తెలుగువారి పాలు ఎంత? ఈ ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం. మన ప్రాంతపు వృక్షశాస్త్రం తెలుగు పేర్లు చెప్పిన సామాన్యుల జ్ఞానాన్ని ఆధారం చేసుకొని ఎదిగిందనీ, కనుక లాటిన్ పేరును తెలుగు పేరుతో కలిపి నేర్వడమే న్యాయమనీ ఇందులోని ప్రతిపాదన.

1. లాటిన్, తెలుగు: తొలి కలయిక

18వ శతాబ్దపు ఐరోపాలో లాటిన్ కేవలం ఆరాధన భాష కాదు. విశ్వవిద్యాలయాల భాష, శాస్త్రభాష. 1706లో తరంగంబాడిలో ఆరంభమైన డేనిష్-హాలె మిషను సేవకులు ఆ చదువుతోనే వచ్చారు. వారిలో బెంజమిన్ షుల్జ్ 1728లో తెలుగు వ్యాకరణాన్ని లాటిన్‌లో రచించాడు. ‘గ్రమాటికా తెలుగికా’ అనే ఆ రచన 1984లో గాని అచ్చు కాలేదు. అంటే చెట్ల పేర్లకంటే ముందే తెలుగు వాక్యం లాటిన్‌లో వివరణ పొందింది.

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ప్రచురించిన గ్రంథంతో మొక్కలకు రెండు మాటల పేరు స్థిరపడింది. మొదటిది ప్రజాతి, రెండవది జాతి. అంతకుముందు ఒక్కొక్క మొక్కకు ఒక వాక్యమంత పొడవైన లాటిన్ వర్ణనే పేరుగా చలామణి అయ్యేది.

2. మిషను వైద్యుడు, కరివేప చెట్టు

లిన్నేయస్ శిష్యుడైన యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తరంగంబాడి మిషనుకు వైద్యుడిగా వచ్చాడు. మందు మొక్కల అన్వేషణ వైద్యుని పనిలో భాగం. అతడు దక్షిణదేశమంతటా తిరిగి మొక్కలు సేకరించాడు. తర్వాత ఆర్కాటు నవాబు కొలువులోనూ, 1778 నుండి ఈస్టిండియా కంపెనీలోనూ పనిచేశాడు. 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో మరణించాడు. గురువు 1771లో కరివేప చెట్టుకు శిష్యుని పేరు చేర్చి ‘బెర్గెరా కోయెనిగి’ అన్నాడు. అదే తర్వాత ‘ముర్రాయా కోయెనిగి’గా ప్రసిద్ధమైంది. ప్రతి తెలుగింటి పోపులో పడే ఆకు, దాని చిన్న నల్లని పండు ఒక మిషను వైద్యుని పేరు మోస్తున్నాయన్నది గమనార్హం.

3. సామర్లకోట, సెరంపూర్

కోనిగ్ చివరి రోజుల్లో దగ్గరున్న వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్. ఇతడు 1781 నుండి 1793 వరకు సామర్లకోటలో ఉండి, భారతీయ చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించి, ఆకూ పూవూ కాయా వర్ణించాడు. అతని ‘కోరమాండల్ తీర మొక్కలు’ గ్రంథం 1795 నుండి 1820 వరకు మూడు సంపుటాలుగా, 300 చిత్రాలతో వెలువడింది. తుమికి పండు చెట్టుకు ‘డయోస్పైరాస్ మెలనోజైలాన్’ అన్న పేరు పెట్టినది రాక్స్‌బర్గే. గ్రంథంలో తెలుగు పేర్లను కూడా నమోదు చేశాడు. సోమిద చెట్టు విషయంలో తెలుగు మాటే ‘సోయ్‌మిడా’ అనే ప్రజాతి నామమైంది.

రాక్స్‌బర్గ్ వ్రాతలను అచ్చువేసినవాడు సెరంపూర్ మిషనరీ విలియం కేరీ. 1814లో ఆ ముద్రణాలయం నుండి రెండు పుస్తకాలు వచ్చాయి: ఒకటి కేరీ తెలుగు వ్యాకరణం, రెండవది కలకత్తా తోటలోని మొక్కల పట్టిక. తెలుగు క్రొత్త నిబంధన 1818లో వెలువడగా, రాక్స్‌బర్గ్ ‘ఫ్లోరా ఇండికా’ ముద్రణ 1820లో మొదలైంది. భాషను నేర్వడం, నేలను తెలుసుకోవడం కేరీకి వేరువేరు పనులు కావు. 1852లో సి.పి. బ్రౌన్ నిఘంటువు చెట్ల తెలుగు పేర్ల పక్కన లాటిన్ పేర్లు చేర్చడం ఈ ఒరవడికి కొనసాగింపే.

4. పేర్లలో నిక్షిప్తమైన చరిత్ర

ఆదికాండం రెండో అధ్యాయంలో ఆదాము పశుపక్ష్యాదులకు పేర్లు పెట్టాడు. చెట్లకు పెట్టినట్టు లేదు. ఏదెనులో తినవద్దన్న ఫలమేదో కూడా బైబిలు చెప్పదు. లాటిన్‌లో ‘మాలుం’ అన్న మాటకు ఆపిల్ అనీ, కీడు అనీ రెండర్థాలుండడం పాశ్చాత్య ఊహలో ఆపిల్ స్థిరపడడానికి తోడ్పడింది. అయితే అది అరటి అని నమ్మినవారూ ఉన్నారు. అందుకే లిన్నేయస్ అరటిని ‘మ్యూసా పారడిసియాకా’, అంటే పరదైసు అరటి అన్నాడు. మరొక రకాన్ని, భారతదేశపు జ్ఞానులు తినే పండు గురించిన ప్రాచీన కథను బట్టి, జ్ఞానుల అరటి అన్నాడు.

‘మాంజిఫెరా’లో దక్షిణదేశపు ‘మాంగా’కు మోయుటను సూచించే లాటిన్ మాట తోడైంది. మారేడు ‘ఈగిల్ మార్మెలస్’లో పోర్చుగీసువారి ‘మార్మెలో’ పండు పోలిక ఉంది. కొత్తదాన్ని పాత పేరుతో పిలవడం వారికే పరిమితం కాదు. అమెరికా ఖండం నుండి పోర్చుగీసు ఓడల ద్వారా వచ్చిన కాయను మనమూ మిరియంతో పోల్చి ‘మిరప’ అన్నాం. వృక్షశాస్త్రం ప్రకారం మిరపకాయ కూడా ఫలమే, మృదుఫలం, పత్తికాయ గుళిక. ఆ లెక్కన గుంటూరు మిర్చి యార్డు ఒక పెద్ద పండ్ల సంతే.

5. మారిన పేర్లు, నిలిచిన పేర్లు

లాటిన్ పేరు శాశ్వతమన్న భావన సరికాదు. వెలగను లిన్నేయస్ ‘లిమోనియా ఆసిడిస్సిమా’ అన్నాడు. 1800లో అది ‘ఫెరోనియా ఎలిఫాంటం’ అయింది. ఆ తర్వాత మళ్ళీ మొదటి పేరుకే వచ్చింది. నేరేడు 1753లో ‘మిర్టస్ క్యుమిని’. తర్వాత ‘యూజీనియా జాంబొలానా’ అనీ అన్నారు. 1912 నుండి ‘సైజీజియం క్యుమిని’. ఇంతకాలమూ పల్లెలో వెలగ వెలగే, నేరేడు నేరేడే. 2012 నుండి కొత్త మొక్కల వర్ణన లాటిన్‌లోనే ఉండాలన్న నియమం కూడా సడలింది, ఇంగ్లీషులోనూ వ్రాయవచ్చు. పేరు మాత్రం లాటిన్ రూపంలోనే ఉండాలి.

అయినా లాటిన్ పేరు అక్కర లేదనలేం. ఒక ఊరి తుమికి మరొక ఊరిలో తునికి. భాష మారితే పేరే మారిపోతుంది. ఔషధం విషయంలో ఆ తేడా ప్రాణాల మీదికి తేగలదు. అందరికీ ఒకే గుర్తు కావలసింది అందుకే.

ముగింపు

కోనిగ్ పేరు కరివేపలో ఉంది. కేరీ పేరు రాక్స్‌బర్గ్ పెట్టిన ‘కేరియా’ ప్రజాతిలో ఉంది. ఏ చెట్టు ఏదో, ఏ కాయ తినదగినదో వారికి చూపిన తెలుగు రైతు, ఎరుకలి, మంత్రసాని, బొమ్మలు గీసిన చిత్రకారుడు మాత్రం ఏ లాటిన్ పేరులోనూ కనిపించరు. వారు మిగిల్చిన సాక్ష్యం తెలుగు పేరు ఒక్కటే. పొలం గట్లమీద ఈత, వెలగ, పాల, వాక వంటి చెట్లు తరిగితే ఆ సాక్ష్యమూ చెరిగిపోతుంది. ‘లిమోనియా ఆసిడిస్సిమా’ అని తప్పులేకుండా వ్రాసే విద్యార్థి వెలగపండును చేతితో పట్టి చూడకపోతే అతడు నేర్చినది సగమే. మన విద్యాలయాల ఆవరణల్లో చెట్లకు పలకలు కట్టేటప్పుడు లాటిన్ పేరుకు పైన తెలుగు పేరు వ్రాయడం, ఊళ్లలో పెద్దల నోట మిగిలిన పండ్ల పేర్లను ఊరి పేరుతో సహా సేకరించడం వెంటనే చేయదగిన పనులు. మిషను చరిత్రకారులకు కూడా ఇది పరిశోధించదగిన క్షేత్రం.