పేరు రాసే గడి: వెబ్ డెవలప్‌మెంట్‌లో రెండో మెట్టు

ఫెలోషిప్ దరఖాస్తులో 'లాస్ట్ నేమ్' గడి ఖాళీగా వదిలితే పేజీ ముందుకు కదల్లేదు. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు లేదు. నెట్ సెంటర్ అతను చుక్క పెట్టమన్నాడు, పెట్టాను. తర్వాత పరిశీలనలో, పేరు సర్టిఫికెట్‌తో సరిపోలడం లేదని నా ఫైలు ఆపేశారు. ఇలా ఒక గడిని తప్పనిసరి చేయడానికి హెచ్‌టీఎంఎల్‌లో 'రిక్వైర్డ్' అనే ఒక్క మాట చాలు.

హెడింగులు, పేరాలు, రంగులు పెట్టడం వచ్చినవాళ్లు తర్వాత ఏం నేర్చుకోవాలని అడుగుతుంటారు. దరఖాస్తు ఫారం చేయండి అంటాను. గళ్లను హెచ్‌టీఎంఎల్, వాటి రూపాన్ని సీఎస్‌ఎస్, నింపేటప్పుడు జరిగే పనిని జావాస్క్రిప్ట్ చూసుకుంటాయి. మూడూ అక్కడ కలుస్తాయి.

పేరు గడితోనే మొదలుపెడదాం. ఇంటర్నెట్‌లో దొరికే చాలా ఉదాహరణల్లో పేరుకు ఇంగ్లిష్ ఎ నుంచి జెడ్ వరకే అనుమతించే నమూనా ఉంటుంది. అందులో తెలుగు పేరు పట్టదు. యూనికోడ్‌లో 'లెటర్' వర్గాన్ని అనుమతిస్తే సరిపోతుందనుకుంటాం, సరిపోదు. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్నా 'మార్క్' వర్గంలోకి వస్తాయి. రెండూ కలిపినా 'కె. రాములు'లో చుక్క, ఖాళీ దగ్గర ఆగిపోతుంది. 'రాజ్‌కుమార్'లో జ్ తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం, జీరో విడ్త్ నాన్ జాయినర్, ఉంటుంది. దాన్నీ తోసేస్తుంది. పేరుకు నమూనా పెట్టకపోవడమే మంచిది, ఖాళీగా లేకుంటే చాలు.

పొడవు లెక్క ఇంకో తిరకాసు. 'తెలుగు' మన కంటికి మూడక్షరాలు. జావాస్క్రిప్ట్‌లో లెంత్ అడిగితే 6 అంటుంది: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. 'ప్రియాంక'కు 8. గడికి పెట్టే మాక్స్‌లెంత్ కూడా ఇలాగే లెక్కపెడుతుంది, కాబట్టి 20 అని పెడితే పొడుగు పేరు మధ్యలో తెగుతుంది. మనిషి చదివినట్టు లెక్కించడానికి ఇంటిల్ సెగ్మెంటర్ ఉంది, 'తెలుగు'కు 3 అనే చెబుతుంది. పాత బ్రౌజర్లలో మాత్రం ఒత్తు ఉన్న అక్షరం రెండుగా లెక్కకు రావచ్చు.

ఫోన్ నంబరుకు, ఖాతా నంబరుకు టైప్ 'నంబర్' పెట్టకండి. అవి కూడికలు చేసే అంకెలు కావు. సంఖ్యగా మారిస్తే మొదట్లో ఉన్న సున్నా పోతుంది. టైప్ 'టెక్స్ట్' ఉంచి, ఇన్‌పుట్‌మోడ్ 'న్యూమరిక్' అంటే ఫోన్‌లో అంకెల కీబోర్డే వస్తుంది. గడిలో లేత అక్షరాలతో కనిపించే ప్లేస్‌హోల్డర్ టైప్ చేయగానే మాయమవుతుంది. అందుకే ప్రతి గడికీ లేబుల్ ఉండాలి. చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ చదివేది దాన్నే.

సీఎస్‌ఎస్‌లో చెప్పాల్సింది తక్కువ. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి లైన్ హైట్ 1.6 దాకా పెట్టండి. బటన్‌కు ఎత్తు పిక్సెళ్లలో బిగించకుండా ప్యాడింగ్ ఇవ్వండి. ముందు చిన్న ఫోన్‌కు రాసి, తర్వాత మీడియా క్వెరీతో పెద్ద తెరకు పెంచండి.

జావాస్క్రిప్ట్‌లో మొదట నేర్వాల్సిన పని, నింపిన వివరాలు పోకుండా దాచడం. సగంలో కరెంటు పోయినవాళ్లకు ఆ బాధ తెలుసు. లోకల్ స్టోరేజ్‌లో దాస్తే బ్రౌజర్ మూసినా ఉంటాయి. అయితే మన విద్యార్థుల్లో చాలామంది నింపేది నెట్ సెంటర్‌లో. తర్వాత అదే కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి మీ కులం, ఆదాయం, ఖాతా వివరాలు కనిపిస్తాయి. సెషన్ స్టోరేజ్‌లో దాస్తే ట్యాబ్ మూయగానే సాధారణంగా పోతాయి. కరెంటు పోతే మాత్రం అవీ దక్కకపోవచ్చు. నేనైతే 'ఇది నా సొంత ఫోన్' అని టిక్ పెట్టినప్పుడే లోకల్ స్టోరేజ్ వాడతాను, ఫారం పంపగానే తుడిచేస్తాను. బ్రౌజర్‌లో చేసే తనిఖీని ఎవరైనా దాటేయగలరు గనక సర్వర్‌లోనూ తనిఖీ ఉండాలి.

ఎండీఎన్ వెబ్ డాక్స్, ఫ్రీకోడ్‌క్యాంప్ రెండూ ఉచితమే, కాకపోతే ఇంగ్లిష్‌లో చదవాలి. మీ హాస్టల్‌కో సంఘానికో సభ్యత్వ ఫారం తయారుచేయండి. పేరుకు 'సర్టిఫికెట్‌లో ఉన్నట్టు పూర్తి పేరు' అని ఒకటే గడి ఇవ్వండి. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో వేగం తగ్గించి తెరిచి చూడండి. తర్వాత రాజ్‌కుమార్ అని, కె. రాములు అని, ఇంటిపేరు లేని ఒంటి పేరుతో ఒకసారి నింపి పంపండి.