అనాథలు, దాతలు, మధ్యలో మనవాళ్లు

మా అమ్మ చదువుకున్న బోర్డింగులో ఏటా క్రిస్మస్‌కు ముందు పిల్లలందరి చేతా ఉత్తరాలు రాయించేవాళ్లు. వార్డెనమ్మ నల్లబల్ల మీద రాసేది, పిల్లలు చూసి దించుకునేవాళ్లు. నేను బాగున్నాను, మా ఊళ్లో వానలు పడ్డాయి, మీ కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. చినుకు రాలని ఏడు కూడా వానలు పడ్డాయనే రాశామని అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. ఆ ఉత్తరాలు సముద్రాలు దాటి ఎవరికి పోయేవో పిల్లలకు తెలియదు. తమ నంబరు మాత్రం తెలుసు. అమ్మది అరవై మూడు.

ఇది 1970లలో మాట. తాతయ్య అప్పటికి చనిపోయాడు. అమ్మమ్మ పొగాకు గ్రేడింగుకు పోయేది. బోర్డింగులో చేర్చుకునేది అనాథలను మాత్రమే అన్నారు. ఊరి చర్చి పెద్దాయనే దారి చెప్పాడు: తల్లీ తండ్రీ ఇద్దరూ లేరని రాయించండి. రాయించారు. అప్పటి నుంచి విదేశాల వాళ్లు చూడటానికి వచ్చిన రోజున అమ్మమ్మ గేటు బయటే నిలబడాలి. ఎవరన్నా అడిగితే అమ్మ ఆమెను ‘చిన్నమ్మ’ అని చెప్పాలి.

నా సొంత గోడు చెప్పుకోవటానికి దీన్ని రాయటం లేదు. ‘అనాథ’ అనే మాటకు మన పల్లెల్లో ఒక చరిత్ర ఉంది. పరాయి దేశాల దాతృత్వం గురించి రాసిన రెండు రకాల వాళ్లూ దాన్ని పట్టించుకోలేదు. దొరలు దేవుళ్లని రాసిన మిషన్ చరిత్రకారులకు అనాథ ఒక ఫోటో. అంతా మతమార్పిడి కుట్ర అన్న హిందూత్వ వాదులకూ, అంతా సామ్రాజ్యవాదం అన్న మన ఎర్ర మిత్రులకూ అనాథ ఒక సాకు. ఆ పిల్లకు అన్నం వండిందెవరు, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదెవరు, ఆమెను అనాథ అని రాసిందెవరు అని అడిగినవాళ్లు తక్కువ. అడగాలంటే కనీసం ధాత కరువు దాకా పోవాలి.

1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలైంది గనక దానికి ఆ పేరు. 1878 దాకా సాగిన ఆ కరువులో దక్షిణ భారతంలో యాభై లక్షల మందికి పైగా పోయారని అంచనా. మద్రాసు ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. 1877లో పర్యవేక్షణకు వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్ మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. పౌను అంటే అర కిలో కూడా కాదు. ఆ తిండితో మట్టి పని చేసే మనిషి బతకడని ప్రభుత్వ పారిశుద్ధ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. అదే ఏడు లండన్ మేయర్ మాన్షన్ హౌస్‌లో కరువు నిధి తెరిస్తే ఇంగ్లాండు జనం చందాలు వేశారు. ఒక పక్క చందాలు, ఇంకో పక్క కూలి కోత. వలస పాలనలో దానధర్మం సంగతి ఇలాగే ఉండేది.

ఒంగోలులో అప్పుడు అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున జాన్ ఎవరెట్ క్లౌ ఉన్నాడు. 1866లో ఒంగోలు చేరాడు. కుర్రతనంలో అమెరికాలో భూములు కొలిచే సర్వే బృందంలో పనిచేసిన మనిషి, కొలతలూ తవ్వకాలూ తెలిసినవాడు. సర్కారు కరువు క్యాంపుల్లో మాదిగ కూలీలకు జరిగే అన్యాయం గురించి కబుర్లు వస్తుంటే, బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కాంట్రాక్టు తానే తీసుకున్నాడు. కరువు సాయం అంటే గంజి పోయటమే అనుకునే రోజుల్లో పని ఇప్పించి కూలి చేతికి అందేలా చూడటం చిన్న విషయం కాదు. ఆ పేరు క్లౌకు ఇవ్వాల్సిందే.

కానీ ఒక్క దొర వేల మంది కూలీలను ఎట్లా నడిపాడు? ఆయన జీవితకథ ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్’ 1914లో వచ్చింది. ఆయన చెప్పగా భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ రాసిన పుస్తకం. మనం చదవాల్సిన తీరున చదివితే జవాబు అందులోనే ఉంది. మేస్త్రీలుగా నిలిచినవాళ్లు మిషన్ ప్రబోధకులే. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఒక్కొక్కరి కింద ఒక్కో జట్టు. కొలత వేసి గుంట చూపించిందీ, కూలి లెక్క చెప్పిందీ, చచ్చిపోయినవాళ్లను పూడ్చిందీ, వాళ్ల పిల్లలను ఎవరి గుడిసెలో పెట్టాలో తేల్చిందీ వాళ్లే. జట్టు అలిసి కూర్చున్నప్పుడు, ప్రయాసపడే వాళ్లకు విశ్రాంతి ఇస్తానన్న క్రీస్తు గురించి చెప్పిందీ వాళ్లే. నెత్తిన మట్టి తట్టలు మోస్తున్న జనానికి ఆ మాటకు వేరే వివరణ అక్కర్లేకపోయింది.

ఇక్కడ యెర్రగుంట్ల పేరయ్యను తలచుకోకుండా ముందుకు పోలేం. తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ, యోగమార్గంలో గురువుల దగ్గర నేర్చుకున్నవాడు. వ్యాపారం మీద ఏలూరు వైపు పోయినప్పుడు క్రీస్తు మాట విని, క్లౌ ఒంగోలు వచ్చిన 1866లోనే బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత ఊరూరా తిరిగింది ఆయన. క్లౌ వెళ్లేటప్పటికి చాలా ఊళ్లలో నేల దున్ని ఉంది. మాదిగల గురువుల గురించీ, వాళ్ల నమ్మకాల గురించీ ఎమ్మా క్లౌ 1899లో ‘వైల్ సోయింగ్ శాండల్స్’ అని ప్రత్యేకంగా పుస్తకమే రాసింది. అప్పటికి ఏ తెలుగు పండితుడూ ఆ పని తలపెట్టలేదు.

కరువు సాగినంత కాలం, ఏడాదికి పైగా, క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం మతం మారారన్న మాట రాకూడదని. సాయం పనులు అయిపోయాక గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందురోజు 614, మర్నాడు 700. అమెరికాలో ఇది పెద్ద వార్త. అయితే నీళ్లలో నిలబడి, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఆ 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు ప్రబోధకులు. ‘బియ్యం క్రైస్తవులు’ అని ఈనాటికీ మనల్ని ఎద్దేవా చేసేవాళ్లకు ఈ తేదీలు చెప్పాలి. తిండి దొరికిన నెలల్లో తలుపు మూసి ఉంది. తిండి ఆగాక జనం వచ్చారు.

ఇక అనాథల మాట. సాయానికి ఒక పేరు తగిలించి దాతకు అప్పగించే పద్ధతి కరువు కంటే పాతది. సిలోనులోని జాఫ్నాలో అమెరికన్ మిషనరీలు 1816 నుంచి పనిచేశారు. వాళ్ల బోర్డింగు బడుల్లో ఖర్చు భరించిన అమెరికా దాత కోరిన పేరును తమిళ పిల్లవాడికి పెట్టేవాళ్లు. 1900 నాటి కరువుకు ఇది పత్రికల వ్యవహారం అయింది. న్యూయార్కు నుంచి వచ్చే ‘క్రిస్టియన్ హెరాల్డ్’ చందాలు పోగుచేసి క్వీటో అనే ఓడ నిండా మొక్కజొన్నలు బొంబాయికి పంపింది. కరువు అనాథల పోషణను పాఠకులకు పంచింది. ఏడాదికి ఇంత అని కడితే ఒక పిల్ల ‘మీది’. అక్కడి రైతు భార్య కోడిగుడ్లు అమ్మి కూడబెట్టి పంపినా ఆమె మనసు మంచిదే. ఆ మంచితనాన్ని నేను వెటకారం చేయను. కానీ ఆ లెక్కలో తల్లి బతికున్న పిల్లకు చోటు తక్కువ. కూలి రేటుకు, భూమికి, ఊరి బావికి అసలే చోటు లేదు. క్లౌ కాలువ కాంట్రాక్టుకూ అనాథ ఫోటోకూ ఉన్న తేడా ఇదే. మొదటిది పల్లెను పల్లెగా చూసింది, రెండోది పల్లెలోంచి ఒక పిల్లను విడదీసి చూపించింది.

నైజాం ఇలాకాలో ఇంకో కథ ఉంది. దీని గురించి మనవాళ్లకు తెలిసింది తక్కువ. 1890లో నల్లగొండలో మిషన్ పెట్టిన అబ్రహాం ఫ్రీసెన్ అమెరికా వాడు కాదు. రష్యా సామ్రాజ్యం కింద ఉన్న దక్షిణ ఉక్రెయిన్‌లో గోధుమ పండించుకునే మెన్నొనైట్ రైతుల బిడ్డ, జర్మన్ మాట్లాడేవాడు. అమెరికన్ బాప్టిస్టుల పేరు మీద వచ్చినా వెనక ఆ రైతుల డబ్బు ఉండేది. నల్లగొండ మాల మాదిగ పల్లెల్లో బడి, బోర్డింగు, ఆసుపత్రి దానితో నడిచాయి. 1914లో యుద్ధం, 1917లో విప్లవం వచ్చి ఆ దారి తెగిపోయింది. మన పల్లెలకు పంపిన ఆ రైతులే 1921–22 కరువులో ఆకలితో అల్లాడారు. అమెరికాలోని మెన్నొనైట్లు 1920లో ఒక సహాయ కమిటీ పెట్టుకుని 1922లో అక్కడ వంటశాలలు తెరిస్తే ఆ వరుసల్లో గిన్నె పట్టుకుని నిలబడ్డారు. దాత అనేది ఒక జాతి గుణం కాదనటానికి ఇంతకంటే ఏం కావాలి. నల్లగొండ పనిని తర్వాత అమెరికన్ బాప్టిస్టులే మోశారు. దారి తెగిన ఆ మధ్యకాలంలో ప్రార్థనలు ఆగకుండా చూసినవాళ్లు ఊళ్లలోని తెలుగు ప్రబోధకులూ బైబిలు స్త్రీలూనే. వాళ్ల జీవితకథలను ఒక్కొక్క పల్లెకూ పోయి ముసలివాళ్ల నోట వింటే తప్ప రాయలేం.

రెండో ప్రపంచ యుద్ధం ముందూ వెనకా ఈ పద్ధతి పెద్ద సంస్థల చేతికి వచ్చింది. 1938లో చైనా పిల్లల కోసం అమెరికాలో పుట్టిన నిధి తర్వాత దేశదేశాలకూ పాకింది. కొరియా యుద్ధ అనాథల కోసం 1950ల్లో వరల్డ్ విజన్, కంపాషన్ మొదలయ్యాయి. నెలకింత, ఒక ఫోటో, ఒక నంబరు, ఏటా ఉత్తరం. కొరియాలో నిజంగా అనాథలు ఉన్నారు. అదే ఫారం మన దగ్గరకు వచ్చినప్పుడు ఇక్కడున్నది వేరే సమస్య. 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవం తీసుకున్న మాల మాదిగలకు ఎస్సీ హోదా లేకుండా పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లను బీసీ-సిలో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు. క్రైస్తవులమని నిజం చెప్పిన ఇంటి పిల్లకు ఎస్సీ వాటా హాస్టలు సీటు దక్కదు. అబద్ధం చెప్పి అనాథ అయితే బోర్డింగు దొరుకుతుంది. కూలి చేసుకునే మా అమ్మమ్మ ముందున్న దార్లు ఈ రెండే. ఆమె రెండోది పట్టుకుంది. ఆమెను అబద్ధాలకోరు అనేవాళ్లు ముందు ఆ ఉత్తర్వు చదవాలి.

ఈ మాట ఎంత దూరం పోగలదో మళ్లీ నల్లగొండ జిల్లాయే చూపించింది. దేవరకొండ వైపు తండాల్లో లంబాడా ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు తెచ్చి, వదిలేసిన పిల్లలుగా కాగితాలు పుట్టించి, హైదరాబాదులోని కొన్ని దత్తత కేంద్రాల ద్వారా విదేశాలకు పంపుతున్నారని 1999లో, మళ్లీ 2001లో కేసులు నడిచాయి. తల్లులు బతికే ఉన్నారు. విదేశీ దత్తతలకు కట్టుబాట్లు పెడుతూ సుప్రీంకోర్టు 1984లోనే లక్ష్మీకాంత్ పాండే కేసులో తీర్పు ఇచ్చింది, 1990లో కేంద్ర సంస్థ కూడా ఏర్పడింది. అయినా ఇది జరిగింది. మా అమ్మ విషయంలో అబద్ధం వల్ల బిడ్డ తల్లికి సెలవుల్లోనైనా తిరిగి దక్కింది. తండా తల్లికి అదీ లేదు.

2017 మార్చిలో, విదేశీ నిధుల చట్టం కింద కేంద్ర ప్రభుత్వం ఆంక్ష పెట్టటంతో కంపాషన్ సంస్థ ఈ దేశంలో పని మూసేసింది. దేశం మొత్తం మీద 1,45,000 మంది పిల్లల పేర్లు దాని జాబితాలో ఉన్నాయి. చట్టం గురించి ఢిల్లీలో చాలా చర్చ జరిగింది. వార్డెన్లు, ట్యూషను చెప్పే అమ్మాయిలు, వంటవాళ్లు ఏమయ్యారన్నది ఎవరూ చర్చించలేదు. జీతం ఆగాక కూడా కొన్నాళ్లు పిల్లలను పిలిచి చదివించిన ఒక టీచరమ్మను నేను కలిశాను. మాదిగపల్లె మనిషే. ఎందుకు చేశావక్కా అంటే, ‘రేపు ఎవరన్నా డబ్బు పంపితే అప్పటికి పిల్లలు చదువు మర్చిపోయి ఉంటే ఎట్టా’ అంది. కాలువ గట్టు మీద జట్టు లెక్క రాసినవాళ్లు కూడా ఇలాంటివాళ్లే అయి ఉంటారు. వాళ్ల లెక్క పుస్తకాలు నాకు ఇంకా దొరకలేదు.

అమ్మకు దాత నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఒకటి మా ఇంట్లో ఉంది. ఇంగ్లీషు. బోర్డింగులో వార్డెనమ్మ దాని మీద చూపు పారేసి ‘దేవుడు దీవించు గాక అని రాశారు’ అని చెప్పి ఇచ్చేసిందట. మా ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగిన మొదటి మనిషిని నేనే. డిగ్రీలో ఉన్నప్పుడు ట్రంకు పెట్టెలోంచి తీసి నా చేతికిచ్చి చదవమంది. ఆ ముసలావిడ తన తోట గురించీ, మంచు గురించీ రాసి, చివర్లో ఒక ప్రశ్న అడిగింది: మీ అమ్మ ఏ జబ్బుతో చనిపోయింది, చెప్పటానికి నీకు కష్టం లేకపోతే రాయి. నేను తెలుగులో చెప్పాను. అమ్మ గుమ్మం వైపు చూసింది. అమ్మమ్మ అక్కడే కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది.