మా ప్లాస్మా టీవీని చంపిందెవరు?

నా వెనకాల గోడకి ఆనించిన ఈ నల్ల పలక కనిపిస్తోందా? 42 అంగుళాల ప్లాస్మా టీవీ. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. 2011 నుంచి ఇది వెలగలేదు. దీనివల్ల మా నాయనకీ మా మామకీ రెండేళ్లు మాటల్లేవు. ఈరోజు దీని కథ చెప్తా. నిజానికి ఇది మా వేంపల్లె కరెంటు కథ.

ముందు టీవీ సంగతి. ప్లాస్మా తెరను 1964లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో బిట్జర్, స్లాటో, విల్సన్ అనే ముగ్గురు తయారుచేశారు. టీవీ కోసం కాదు, విద్యార్థులకు పాఠాలు చెప్పే ప్లేటో అనే కంప్యూటర్ కోసం. రెండు గాజు పలకల మధ్య నియాన్, జీనాన్ లాంటి వాయువులుంటాయి. వోల్టేజ్ ఇస్తే లోపలి చిన్న చిన్న గదులు ట్యూబ్‌లైట్ల మాదిరి వెలుగుతాయి. 1997లో 42 అంగుళాల టీవీలు అమ్మకానికొచ్చాయి. మా ఇంటికి 2010లో వచ్చింది. మామ కువైట్ నుంచి తెచ్చాడు.

2011 ఏప్రిల్ 2, వరల్డ్ కప్ ఫైనల్. ఇల్లంతా జనం. మనోళ్లు ఛేజ్ చేస్తుండగా టక్‌మని ఆగిపోయింది. ఎర్ర లైటు. ఆన్ చేస్తే రెండు సెకన్లు, మళ్లీ టక్. మిగతా మ్యాచ్ పక్కింటి డబ్బా టీవీలో చూశాం. నాయన కోపంగా, "ఎవరో పారేసిన సెట్టు మనకు అంటగట్టినాడు" అన్నాడు. ఆ మాట మామ దాకా పోయింది. అంతే.

మెకానిక్ అన్న వచ్చాడు. టీవీ విప్పకముందే మీటరు తీసి ప్లగ్గులో పెట్టాడు. రాత్రి తొమ్మిదికి 158 వోల్టులు! కువైట్‌లో 240, మన దగ్గర 230, కాయితం మీద పెద్ద తేడా లేదు. 1956 నాటి విద్యుత్ రూల్స్‌లో ఇంటికొచ్చే వోల్టేజ్ 6 శాతం మించి అటూ ఇటూ పోకూడదని ఉండేది. అంటే 216 నుంచి 244 మధ్య ఉండాలి.

తర్వాత వెనక మూత తీశాడు. 5 వోల్టుల స్టాండ్‌బై బాగానే ఉంది. తెరను వెలిగించే 'వీఎస్' వోల్టేజ్ దాదాపు 190 ఉండాలి. ఏ ప్యానెల్‌కి ఎంత కావాలో దాని స్టిక్కర్ మీదే రాసుంటుంది. అది పైకి లేచి పడిపోతోంది. పవర్ బోర్డులో కెపాసిటర్ తల ఉబ్బి ఉంది. "సెట్టులో తప్పు లేదన్నా. తప్పంతా లైన్లో ఉంది" అన్నాడు.

ఎట్లంటే, టీవీకి 300 వాట్లు కావాలనుకోండి. 230 వోల్టుల దగ్గర 1.3 ఆంపియర్లు లాగుతుంది. 150కి పడితే 2 ఆంపియర్లు లాగాలి. వోల్టేజ్ తగ్గేకొద్దీ లోపలి వేడి పెరుగుతుంది. మరి స్టెబిలైజర్? అది 160ని 215కి లేపుతుంది. సరిగ్గా అప్పుడే లైను 235కి ఎగిరితే, రిలే మారేలోపు ఒక్క క్షణం టీవీకి 300 పైనే పోతుంది. రోజూ ఇదే దెబ్బ.

లైను ఎందుకట్లా పడి లేస్తుంది? కలమల్ల దగ్గర రాయలసీమ థర్మల్ 1994 నుంచి కరెంటు తీస్తోంది. ఊరి పక్కనే తయారైనా, పొలాల మీదుగా సాగిన లైను చివర్లో వోల్టేజ్ నిలవదు. 2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత కరెంటు మీదే. మాదీ ఆయన పులివెందుల నియోజకవర్గమే. చీనీ తోటలు బతికాయి. త్రీఫేజు మాత్రం అప్పట్లో కొన్ని గంటలే వచ్చేది, చాలాసార్లు అర్ధరాత్రి. పాములకు భయపడి ఎవరు పోతారు? అందరూ ఆటోస్టార్టర్ పెట్టారు. కరెంటు రాగానే మోటర్లన్నీ ఒకేసారి లేస్తాయి. లేచేటప్పుడు మోటర్ మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. త్రీఫేజు పోగానే అన్నీ ఒకేసారి ఆగుతాయి. లైను ఎగురుతుంది.

ఇదంతా విని నాయన చాలాసేపు మాట్లాడలేదు. మా తోటలోనూ ఆటోస్టార్టర్ ఉంది మరి! టీవీని చంపినవాళ్లలో మేమూ ఉన్నాం.

పొలాల దాకా 11 కేవీ లైను తీసుకెళ్లి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టే హెచ్‌వీడీఎస్ పద్ధతి దీనికి ఒక మందు. ఎక్కువ వోల్టేజ్ మీద పంపితే కరెంటు తక్కువ, దారిలో నష్టమూ తక్కువ. అది మా వైపు వచ్చేలోపు మా టీవీలో ఇంకో బోర్డు పోయింది. 2013, 14ల్లో పానసోనిక్, శాంసంగ్, ఎల్‌జీ ప్లాస్మాలు మానేశాయి. బోర్డు దొరకలేదు.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఏ టీవీ ఆగినా ముందు ప్లగ్గులో వోల్టేజ్ చూపించండి. మూత మాత్రం మీరు తీయొద్దు. ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్‌లో 380 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు.

2013లో మామ సెలవుకి వచ్చినప్పుడు నాయనే ఫోన్ చేశాడు. "తప్పు నీ టీవీది కాదు, మా మోటర్ది" అన్నాడు. ఆ సాయంత్రం మామ ఇంటికొచ్చాడు. కరెంటు లేదు. ఇద్దరూ బయట మంచం మీద కూర్చుని పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నారు.