పెద్ద వేషం వదులుకున్న యజమాని

విక్టోరియా రాణి కాలంలో లండన్ నాటకశాలలు చాలావరకు ‘యాక్టర్-మేనేజర్ల’ చేతుల్లో ఉండేవి. నాటకాన్ని ఎంచుకునేదీ ఆయనే, నటులకు జీతాలిచ్చేదీ ఆయనే. ఇక పెద్ద వేషం ఎవరిదంటారా? అదీ ఆయనదే!

ఛార్లెస్ ఛారింగ్‌టన్ అనే ఆయన ఈ పద్ధతిని తిరగేశాడు. 1889 జూన్ 7న లండన్‌లోని నావెల్టీ థియేటర్‌లో, నార్వే రచయిత ఇబ్సెన్ ‘డాల్స్ హౌస్’ – మన మాటల్లో బొమ్మరిల్లు – ప్రదర్శించాడు. తానూ ఒక మనిషినేనంటూ భర్తనూ, పిల్లల్నీ విడిచి గడప దాటే నోరా వేషం ఆయన భార్య జానెట్ అచర్చ్‌ది. ఆయన మాత్రం చావుకు దగ్గరైన డాక్టర్ రాంక్ వేషంతో సరిపెట్టుకున్నాడు.

మరి డబ్బెక్కడిదంటారా? ఆలుమగలిద్దరూ ఆస్ట్రేలియా వెళ్ళి నాటకాలాడేందుకు ఒప్పుకుని, ఆ రాబోయే జీతాలనే తాకట్టు పెట్టారు. 7 ఆటలకని మొదలుపెట్టింది కాస్తా 24 ఆటలాడింది. పత్రికలు కొన్ని దుమ్మెత్తిపోశాయి. తరువాత ఆ దంపతులు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతోపాటు మన దేశంలోనూ నాటకాలాడి 1892లో తిరిగి వెళ్ళారు.

ఛారింగ్‌టన్ సోషలిస్టు. 1884లో ఏర్పడిన ఫేబియన్ సంఘంలో చేరి, 1900 ప్రాంతాల్లో దాని కార్యవర్గంలో పనిచేశాడు. విప్లవంతో కాక, ప్రచారంతోనూ చట్టాలతోనూ మెల్లగా సమత్వం తేవాలన్నది ఆ సంఘం పద్ధతి. బెర్నార్డ్ షా అందులోని వాడే. మన అనీబిసెంటమ్మగారు కూడా, దివ్యజ్ఞాన సమాజంలో చేరకముందే, అందులో పనిచేశారు.

షా ‘కాండిడా’ నాటకం రాసింది జానెట్‌ను దృష్టిలో పెట్టుకునే. 1897 జులైలో అబర్డీన్‌లో ఆమె కాండిడాగానూ, ఛారింగ్‌టన్ ఆమె భర్త మోరెల్‌గానూ నటించారు. మోరెల్ ఊరూరా సోషలిజం బోధించే ఫాదరీ. భార్య చాకిరీ మీదే తన గొప్పతనమంతా నిలబడి ఉందని చివరికి తెలుసుకుంటాడు!

వాళ్ళ సొంత సంసారం మాటేమిటి? అప్పులు వెంటాడాయి. జబ్బుపడ్డ జానెట్‌కు నొప్పి తగ్గేందుకు వాడిన మార్ఫియా వ్యసనమై కూర్చుంది. 1916లో ఆమె కన్నుమూసింది. ఛారింగ్‌టన్ 1926 వరకు బతికాడు.

సమానత్వం గురించి ఉపన్యాసాలిచ్చేవారు ఏ కాలంలోనైనా ఉంటారు. అధికారం చేతిలో ఉండి కూడా పెద్ద వేషం భార్యకిచ్చినవాళ్ళు ఎందరు, చెప్పండి? అందుకు ఛారింగ్‌టన్‌ను తలుచుకుందాం. ఆ వేషం వేసిన జానెట్‌ను మాత్రం ఆయనకన్నా ముందు తలుచుకోవాలి.